గేమ్ నుంచి పుట్టిన అనిమే మీద రాయాలంటే

తమ్ముడికి,

పెర్సోనా 4 అనే జపనీస్ వీడియో గేమ్ నుంచి వచ్చిన అనిమే (జపనీస్ యానిమేషన్ సీరియల్) మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. గేమ్ మీద నీకున్న ప్రేమ ప్రతి పేరాలోనూ కనిపిస్తోంది, వాక్యం కూడా చక్కగా నడుస్తోంది. అయితే వ్యాసం మొత్తం ఒకే ఫిర్యాదు మీద నిలబడింది: గేమ్‌లో ఉన్నవి అనిమేలో లేవు. నవల సినిమాగా వచ్చినప్పుడల్లా మనవాళ్లు చేసే ఫిర్యాదే ఇది. నవల విషయంలో కొంతవరకు నప్పుతుంది గానీ, గేమ్ విషయంలో నప్పదు. నవల చదివేవాడూ సినిమా చూసేవాడూ ఇద్దరూ కదలకుండా కూర్చునే ఉంటారు. గేమ్ ఆడేవాడి చేతులు మాత్రం పనిలో ఉంటాయి. ఆ చేతుల్లోంచి కంట్రోలర్ తీసేసుకున్నాక, అవి చేస్తున్న పని ఎక్కడికి పోయింది? నీ వ్యాసం ఈ ప్రశ్న పట్టుకుని నడవాలి. ఆ అనిమే బలాలూ బలహీనతలూ రెండూ దీని జవాబులోనే దొరుకుతాయి.

ముందు లెక్క చూడు. 2008 జులైలో జపాన్‌లో ప్లేస్టేషన్ 2 మీద వచ్చిన ఆ గేమ్ మొదటిసారి ఆడేవాళ్లకు 70 గంటలైనా పడుతుంది. 2011 అక్టోబర్ నుంచి 2012 మార్చి వరకు టీవీలో వచ్చిన అనిమే 25 ఎపిసోడ్లు. ఒక్కోటి 24 నిమిషాలు. మొదటి పాటకూ చివరి పాటకూ చెరో నిమిషంన్నర తీసేస్తే కథకు మిగిలేది 21 నిమిషాలు. మొత్తం 525 నిమిషాలు, అంటే తొమ్మిది గంటలకు పావుగంట తక్కువ. గేమ్‌లో ఎనిమిదింట ఏడు వంతులు పోక తప్పదు. కాబట్టి 'చాలా వదిలేశారు' అన్నది విమర్శ కాదు, ఉత్త తీసివేత. ఏది వదిలారు, వదిలిన చోట ఏం పెట్టారు అని చెప్పినప్పుడు విమర్శ మొదలవుతుంది.

దానికోసం ఒక పట్టిక వేసుకో. నాలుగు గళ్లు చాలు: ఎపిసోడ్ సంఖ్య, గేమ్‌లో అది ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, అక్కడ ఆటగాడు చేసే పని, దాని బదులు అనిమేలో కనిపించేది. ఈ గేమ్ క్యాలెండర్ మీద నడుస్తుంది కాబట్టి తేదీలు పట్టుకోవడం తేలిక. కథ 2011 ఏప్రిల్‌లో ఇనాబా అనే చిన్న ఊళ్లో మొదలై మరుసటి మార్చిలో ముగుస్తుంది. ఊళ్లో హత్యలు చేస్తున్నదెవరో ఒక స్నేహితుల జట్టు, టీవీ లోపలున్న ఇంకో లోకంలోకి వెళ్తూ, వెతుకుతుంది. అనిమేని మొదటిసారి ఏమీ రాసుకోకుండా చూడు. రెండోసారి చూస్తూ పట్టిక నింపు. మూడో గడి నింపుతుంటే నీకే తెలుస్తుంది, నీ గంటల్లో ఎన్ని డంజన్లలో (శత్రువులతో పోరాడుతూ దాటాల్సిన చిక్కుదారుల చోట్లలో) అంతస్తు తరవాత అంతస్తు ఎక్కడానికే పోయాయో. ఆ అంతస్తులు వెళ్లిన ప్రతిసారీ కొత్తగా అల్లుకునే నడవాలు, వాటికంటూ కథ లేదు. అనిమే వాటిని నిమిషాల్లో దాటేసింది. నువ్వు దాన్ని నష్టం కింద రాశావు. నేనైతే లాభం కింద రాస్తాను.

అయితే ఆ డంజన్ల వెనక ఇంకొకటి ఉంది, నీ వ్యాసంలో దాని ఊసే లేదు. టీవీ లోపలి లోకంలో ఎవరైనా చిక్కుకుంటే, వరసగా వానలు కురిసి ఊరి మీద పొగమంచు కమ్మేలోపు కాపాడాలి. లేకపోతే ఆ మనిషి చనిపోతాడు, గేమ్ అక్కడితో ఆగిపోతుంది. అందుకే ఆటగాడు రోజూ వాతావరణ సూచన చూసుకుంటాడు. ఇవాళ బడి వదిలాక స్నేహితుడితో తిరగనా, డంజన్‌కి వెళ్లనా అని తర్జనభర్జన పడతాడు. గేమ్‌లో భయమంతా ఆ తర్జనభర్జనలోనే ఉంది. అనిమేలో యుకికో అనే అమ్మాయి టీవీ లోకంలోని కోటలో చిక్కుకుంటే చూసేవాడికి ఆ భయం పుట్టదు, ఎందుకంటే ఆమె జట్టులో చేరుతుందని మొదటి పాటలోనే కనిపిస్తోంది. తేదీలు తెర మీద పడతాయి గానీ, వాటిని ఖర్చుపెట్టేది మనం కాదు. ఇది అసలైన బలహీనత. దర్శకుడి చేతగానితనం వల్ల వచ్చింది కూడా కాదు, చూసే మాధ్యమంలో ఉన్న ఇబ్బంది ఇది. ఈ తేడా నీ వ్యాసంలో స్పష్టంగా రావాలి.

ఇక కథానాయకుడు. నీ వ్యాసంలో అతని మీద రెండే వాక్యాలు ఉన్నాయి, పేజీ ఉండాల్సింది. గేమ్‌లో అతనికి పేరు లేదు, మనం పెట్టాలి. మాటలు లేవు, మనం ఎంచాలి. యుద్ధంలో అరిచే అరుపులు తప్ప అతని గొంతే వినపడదు. అనిమే దర్శకుడు సెయిజి కిషికీ, కథా నిర్మాణం చేసిన జున్ కుమగాయ్‌కీ ఎదురైన పెద్ద చిక్కు ఇదే. ఖాళీగా ఉన్న మనిషిని 25 వారాలు తెర మధ్యలో ఎలా నిలబెట్టాలి? వాళ్లు అతనికి యు నరుకామి అని పేరు పెట్టారు. గేమ్‌లో మనకిచ్చే జవాబుల్లో వెటకారంగానో వింతగానో ఉండేవి కొన్ని ఉంటాయి చూడు, మనం సరదాకి నొక్కేవి, అలాంటివాటిని అతని నోట పెట్టారు. ముఖంలో ఏ మార్పూ లేకుండా, నిండు గాంభీర్యంతో అంటాడు. గేమ్‌లో అరుపులకు గొంతిచ్చిన దైసుకె నమికావానే ఇక్కడా డబ్బింగ్ చెప్పాడు. మౌనంగా ఉండే మనిషి కాస్తా, తక్కువ మాటలతో నవ్వించే మనిషయ్యాడు. ఎపిసోడ్ మధ్య విరామంలో అతని ధైర్యం, జ్ఞానం లాంటి అయిదు గుణాలు ఎంత పెరిగాయో గేమ్‌లోని పట్టిక రూపంలోనే చూపిస్తారు. గేమ్ ఆడినవాళ్లకు అది పాత పరిచయం. ఆడనివాళ్లకు, ఈ కుర్రాడు మెల్లగా మారుతున్నాడన్న సూచన.

12వ ఎపిసోడ్ దగ్గర ఆగి షాట్లు లెక్కపెట్టుకుంటూ మళ్లీ చూడు. మిత్సువో అనే కుర్రాణ్ణి వెంటాడుతూ వెళ్లే డంజన్ గేమ్‌లో పాతకాలపు 8-బిట్ గేమ్‌లా ఉంటుంది, చివర ఒక పెద్ద నీడతో (మనిషి లోపల దాచుకున్నది ఆకారం దాల్చి ఎదురు నిలిస్తే, అదే నీడ) పోరాటం. ఆటగాడికి అది బలం చూసుకుని కొట్టే పోరాటమే, అంతకు మించి ఏమీ లేదు. అనిమేలో ఆ నీడ యుని మింగేస్తుంది. లోపల అతనికి ఒక భ్రమ కనపడుతుంది: స్నేహితులు ఒక్కొక్కరే తమ తమ దారిన వెళ్లిపోతారు, చివరికి తనొక్కడే మిగులుతాడు. గేమ్‌లో జట్టులోని మిగతావాళ్లు తమ నీడని ఎదుర్కొంటారు, చాలామంది 'నువ్వు నేను కాదు' అని అరుస్తారు. కథానాయకుడికి ఆ సన్నివేశం లేదు, ఎందుకంటే గేమ్‌లో అతను మనమే. మనకేం భయమో గేమ్‌కి తెలియదు. అనిమేకి తెలియాలి. ఊళ్లు మారుతూ పెరిగిన పిల్లాడు, ఈ ఊళ్లో ఉండేది ఒక్క ఏడాది. అతనికి ఏం భయం ఉంటుందో రచయితలు సరిగ్గా పట్టుకున్నారు. ఆటగాడి చెయ్యి ఖాళీ చేసి వెళ్లిన చోట ఒక మనసు పెట్టారు. గేమ్‌ని అనిమేగా తీయడం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ముందు చూపించేది ఈ 21 నిమిషాలనే. నువ్వు దీన్ని 'గేమ్‌లో లేని సాగదీత' అన్నావు. ఆ వాక్యం దయచేసి తీసెయ్.

స్నేహబంధాల విషయంలో నీ అసంతృప్తి చాలావరకు న్యాయమే. గేమ్‌లో ఒక్కో బంధం 10 మెట్లు, ఒక్కో మెట్టుకీ నీ క్యాలెండర్‌లో ఒక సాయంత్రం ఖర్చు. ఖర్చుపెట్టావు కాబట్టే ఆ మనిషి నీకు దగ్గరివాడయ్యాడు. అనిమేలో ఒక మనిషి పది మెట్లూ ఒక్క ఎపిసోడ్‌లోనో, అందులో సగంలోనో ఎక్కేస్తాడు. పరిచయం, బాధ, ఓదార్పు, పై వారం ఇంకొకరు. వేసవి సెలవుల జంట ఎపిసోడ్లలో (13, 14) మాత్రం ఒక తెలివైన ఉపాయం ఉంది. మొదటిదాంట్లో యు తీరు ఎందుకో వింతగా ఉందని పక్కవాళ్లకు అనిపిస్తుంది, రెండోదాంట్లో అవే సెలవులు యు వైపు నుంచి చూపిస్తారు. ఒకేసారి నలుగురితో స్నేహం చేయడమనే గేమ్ పద్ధతిని, ఎవరికీ చెప్పకుండా ఊరంతా తిరిగే కుర్రాడి హాస్యంగా మార్చారు. కుదించక తప్పనప్పుడు ఇలా కుదించాలి.

హంతకుడెవరన్న చిక్కుముడి ఇంకో సంగతి. గేమ్‌లో డిసెంబర్‌లో పేర్ల జాబితా ముందు పెట్టి నిన్నే చెప్పమంటుంది. తప్పు చెప్తే చెడు ముగింపు. అంతకు ముందు ఆసుపత్రి గదిలో, కోపంతో ఊగిపోతున్న జట్టుని వరసగా కొన్ని సరైన మాటలతో ఆపాలి. ఒక్కటి తప్పినా కథ అక్కడే ముగుస్తుంది. అనిమేలో యు ఆలోచిస్తాడు, మనం చూస్తాం. ఇలాంటిదే ముగింపు కూడా. గేమ్‌లో మార్చి 20న ఊరు వదిలే ముందు, ఏదో తేలలేదని నీకు అనిపించి, ఇంటికి పోకుండా వెతికితేనే నిజమైన ముగింపు దొరుకుతుంది. అనిమే టీవీ ప్రసారం 25తో ముగిసింది. ఆ నిజమైన ముగింపు 26వ ఎపిసోడ్‌గా 2012 ఆగస్టులో చివరి డిస్క్‌లో వచ్చింది. వెతికినవాడికి దొరకాల్సింది కొన్నవాడికి దొరికింది. దీన్ని బలహీనతల్లో గట్టిగానే రాయి.

బొమ్మల గురించి 'యానిమేషన్ బాగాలేదు' అని ఒక్క ముక్కలో తేల్చేశావు. అలా ఎప్పుడూ రాయకు. ముఖాలు గీతలో చెదిరాయా, కదలిక తక్కువైందా, షాట్ పెట్టిన తీరు పేలవంగా ఉందా? మూడూ వేర్వేరు మనుషుల పనులు. గీతలు సరిదిద్దేది యానిమేషన్ డైరెక్టర్, షాట్లు ఎంచేది స్టోరీబోర్డ్ గీసినవారు. ఇద్దరి పేర్లూ చివరి పాటలో ఉంటాయి, ఎపిసోడ్‌కి ఎపిసోడ్‌కి మారుతుంటాయి. ఈ అనిమేలో దూరపు షాట్లలో ముఖాలు కుదరని చోట్లు చాలానే ఉన్నాయి. ఎపిసోడ్, నిమిషం రాసుకుని చెప్పు. నువ్వు చూసింది టీవీ ప్రతా, డిస్క్ ప్రతా అన్నది కూడా రాయి. డిస్క్‌కి వెళ్లేటప్పుడు కొన్ని షాట్లు మళ్లీ గీయడం ఆ పరిశ్రమలో మామూలే. సంగీతం మాత్రం ఈ అనిమేకి చెక్కుచెదరని బలం. గేమ్‌కి స్వరాలిచ్చిన షోజి మెగురో ఇక్కడా ఉన్నాడు, షిహోకో హిరాతా గొంతు కూడా ఉంది. గేమ్‌లో వందలసార్లు విన్న యుద్ధపు పాట మొదటిసారి తెర మీద మోగినప్పుడు, చేతికి పని లేకపోయినా ఒళ్లు గుర్తుపడుతుంది.

పోలిక కోసం వేరే అనిమేల పేర్లు కుప్పపోశావు. రెండు చాలు, ఆ రెండూ వేరే దారి తొక్కినవై ఉండాలి. 2022 సెప్టెంబర్‌లో వచ్చిన సైబర్‌పంక్: ఎడ్జ్‌రన్నర్స్ తన మూల గేమ్ కథని ముట్టుకోలేదు. అదే నగరంలో ఒక ఏడాది ముందు జరిగే కొత్త కథ, డేవిడ్ అనే కొత్త కుర్రాడు, 10 ఎపిసోడ్లు. ఖాళీ కథానాయకుడన్న చిక్కే అక్కడ లేదు. శరీరంలో యంత్రాలు పెంచుకుంటూ పోవడం గేమ్‌లో బలం, అనిమేలో అదే మనిషిని తినేసే జబ్బు. ట్రిగ్గర్ స్టూడియో అక్కడ గొప్ప పని చేసింది. కాలం గబుక్కున ముందుకు దూకాక రెండో సగం ఊపిరి తీసుకోనివ్వదన్నది దాని లోటు. ఇక నియర్: ఆటోమాటా గేమ్‌లో అక్షరమాలలో ఉన్నన్ని ముగింపులు, 26, ఉన్నాయి. 2023లో మొదలైన అనిమేకి గేమ్ సృష్టికర్త యోకో తారో స్వయంగా రచనలో చెయ్యి వేశాడు. ఎపిసోడ్ల చివర తోలుబొమ్మల్లాంటి చిన్న ఆటలో ఆ చిల్లర ముగింపుల్ని సరదాగా చూపించారు. కానీ చివరి ముగింపులో ఆటగాడు ఎవరో తెలియని ఇంకో ఆటగాడి కోసం తన సేవ్ డేటా, అంటే అప్పటిదాకా ఆడి దాచుకున్నదంతా, చెరిపేసుకోవచ్చు. ఏ అనిమే అయినా చూసేవాడి దగ్గర్నుంచి ఏం చెరపగలదు? ఈ రెండిటినీ చెరో పేరాలో చెప్పి మళ్లీ ఇనాబాకి వచ్చెయ్. పెర్సోనా 5 అనిమేని పూర్తిగా తీసెయ్యొచ్చు. ఇంకా పెద్ద గేమ్‌ని 26 ఎపిసోడ్లలో కుక్కారన్నది తప్ప కొత్తగా చెప్పేదేమీ రాదు.

చదివేవాళ్లలో గేమ్ ఆడినవాళ్లు కొందరే ఉంటారు. 2020లో పెర్సోనా 4 గోల్డెన్ కంప్యూటర్ మీదికి వచ్చాక మన దగ్గర వాళ్ల సంఖ్య పెరిగింది గానీ, ఎక్కువమంది అనిమేనే ముందు చూస్తారు. అందుకని గేమ్ పద్ధతి ఏదైనా మొదటిసారి వచ్చిన చోట ఒక్క వాక్యంలో చెప్పెయ్, రెండో వాక్యం వద్దు. హంతకుడి పేరు ఎక్కడా రాయకు. ఆసుపత్రి గది గురించి రాసేటప్పుడు మంచం మీద ఉన్నది ఎవరో కూడా చెప్పకు, జట్టు ఏం చేయబోయిందో చెప్తే చాలు. యుకికో, చియే, కంజి పేర్లు నీ వ్యాసంలో రెండు మూడు రకాలుగా పడ్డాయి. జపనీస్ డబ్బింగ్ విని ఒక్క రకం ఖాయం చేసుకో.

పట్టిక ముందు పంపు, వ్యాసం తరవాత. మొదటి పేరా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే 12వ ఎపిసోడ్‌లో యు ఒక్కడే మిగిలిపోయే షాట్‌తో మొదలుపెట్టి, లెక్కలు మూడో పేరాకి నెట్టు. రెండు వేల పదాలు దాటొద్దు.

ఆశీస్సులతో,
అన్నయ్య