రూటర్ ఆ నిమిషంలో ఏం వింటుంది?

ప్రశ్న: మా రూటర్ ఆన్ చేయగానే 2.4 గిగాహెర్ట్జ్ వైఫై కనిపిస్తుంది కానీ, 5 గిగాహెర్ట్జ్‌ది ఒక్కోసారి నిమిషానికి పైగా ఆలస్యమవుతోంది. ఇది లోపమా? – ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: లోపం కాదండీ, అవసరమైన జాగ్రత్త. 5 గిగాహెర్ట్జ్‌లోని కొన్ని చానళ్లను వాతావరణ, సైనిక రాడార్లు కూడా వాడతాయి. మొదటి హక్కు వాటిదే. అందువల్ల అమెరికా నియమాల ప్రకారం, అలాంటి చానల్‌లో ప్రసారం మొదలుపెట్టే ముందు రూటర్ 60 సెకన్లు మౌనంగా ఉండి, రాడార్ సంకేతాలు వినబడుతున్నాయేమో గమనించాలి. ఆ తరువాత ఎప్పుడు వినబడినా 10 సెకన్లలో చానల్ ఖాళీ చేసి, 30 నిమిషాల వరకు తిరిగి రాకూడదు. ఐరోపాలో వాతావరణ రాడార్లుండే 5600–5650 మెగాహెర్ట్జ్ భాగానికైతే ప్రసారానికి ముందుండే ఈ నిరీక్షణ 10 నిమిషాలు. తుపాను జాడ పట్టే రాడార్ కోసం అంతసేపు ఆగడం సబబేనని నా అభిప్రాయం. ఆలస్యం ఇబ్బందిగా ఉంటే, సెట్టింగులలో 36, 40, 44, 48 చానళ్లలో ఒకటి ఎంచుకోండి; వాటికి ఈ పరీక్ష లేదు.