ఎస్‌ఎం-3 ఉండగా ఎస్‌ఎం-6 ఎందుకు?

మిత్రమా, ఈజిస్ అనే రాడార్-క్షిపణి రక్షణ వ్యవస్థ ఉన్న యుద్ధనౌకల్లో, బాలిస్టిక్ క్షిపణులను కూల్చే ఎస్‌ఎం-3 క్షిపణి ఉన్నాక ఎస్‌ఎం-6 క్షిపణి దండగ కాదా అన్నారు. కాదండీ. ఎస్‌ఎం-3 పనిచేసేది వాతావరణం దాటాక, అంతరిక్షంలోనే. దాని కొసన పేలుడు పదార్థం ఉండదు. చల్లని అంతరిక్షంలో లక్ష్యం వెదజల్లే వేడిని పరారుణ కన్నుతో పసిగట్టి, నేరుగా వెళ్లి ఢీకొంటుంది. 2008లో అమెరికా యుద్ధనౌక లేక్ ఎరీ పాడైన ఉపగ్రహాన్ని కూల్చింది ఇలాగే. ఎంత అద్భుతమైన గురి!

కానీ సముద్రాన్ని రాసుకుంటూ వచ్చే క్రూయిజ్ క్షిపణిని అది ఏమీ చేయలేదు. అక్కడ ఎస్‌ఎం-6 కావాలి. దానికి సొంత రాడార్, పేలే వార్‌హెడ్ ఉంటాయి. పై అంచెను, అంటే ఎస్‌ఎం-3ను, తప్పించుకున్న బాలిస్టిక్ క్షిపణినీ చివరి దశలో అడ్డుకోగలదు. అసలు చిక్కు స్థలం: అర్లీ బర్క్ డిస్ట్రాయర్‌లో క్షిపణులను ప్రయోగించే గొట్టాలు 90 లేదా 96 మాత్రమే. నేలపై లక్ష్యాలను కొట్టే టోమహాక్ క్షిపణులూ వాటిలోనే సర్దాలి.