పీర్ రివ్యూ మెయిల్ వస్తే ఒప్పుకోవాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఎంబీబీఎస్ ఫైనలియర్. అమెరికాలో రెసిడెన్సీ, అంటే పీజీ శిక్షణ, చేయాలని ఉంది. ఒక మెడికల్ జర్నల్ నుంచి పీర్ రివ్యూ చేయమని, అంటే వేరేవాళ్ల పరిశోధన పేపర్‌ని అచ్చుకు ముందు పరిశీలించి చెప్పమని మెయిల్ వచ్చింది. ఎలా చేయాలో తెలియక భయపడుతోంది. రెజ్యూమెకి రివ్యూలు మేలా, సొంత పేపర్లా? తోటివాళ్లకు అప్పుడే ఐదారు పేపర్లున్నాయి. – ఒక తండ్రి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: మీ అసలు టెన్షన్ ఆ చివరి మాటలో ఉంది. అమెరికాలో డాక్టర్ లైసెన్సు కోసం రాసే పరీక్షల్లో మొదటిదైన స్టెప్ 1లో 2022 జనవరి నుంచి స్కోరు పోయి పాస్, ఫెయిల్ మాత్రమే మిగిలాయి. అప్పట్నుంచి పేపర్ల వేట ఎక్కువైంది. డబ్బు కట్టి పేరు వేయించుకున్న పిల్లలు నా దగ్గరికీ వస్తున్నారు. ఈ పరుగు మీద నాకు నమ్మకం లేదండీ. ‘ఈ స్టడీలో నువ్వేం చేశావ్?’ అని ఇంటర్వ్యూలో అడిగితే నోరు పెగలనప్పుడు, ఆరు పేపర్లుండి ఏం లాభం?

ఒక్క పేపరూ రాయని విద్యార్థిని రివ్యూకి పిలిచారంటే ముందు ఆ జర్నల్‌నే అనుమానించాలి. పీర్ రివ్యూ విషయంలో మోసం చేసిందన్న కేసులో, మన హైదరాబాద్ ప్రచురణ సంస్థనే 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని 2019లో అమెరికా కోర్టు ఆదేశించింది.

జర్నల్ మంచిదే అయినా తనొక్కతే ఒప్పుకోవద్దు. రివ్యూలు చేసే ప్రొఫెసర్ దగ్గర, ఎడిటర్ అనుమతితో నేర్చుకోవాలి. మాన్యుస్క్రిప్ట్, అంటే రివ్యూకి పంపిన అచ్చుకాని పేపర్, రహస్యం. వాట్సాప్‌లో గానీ చాట్‌జీపీటీలో గానీ పెట్టకూడదు. ఇంగ్లిష్ తప్పులు దిద్దడం కాదు అసలు పని. స్టడీ ఎలా చేశారో చెప్పే మెథడ్స్ దగ్గర, టేబుళ్ల దగ్గర ఆగాలి. 120 మందిని చేర్చుకున్నామని రాసి, టేబుల్‌లో 112 మందే కనిపిస్తే ఆ 8 మంది ఏమయ్యారో అడగాలి. మన దేశంలో రోగుల మీద చికిత్సను పరీక్షించిన ట్రయల్ అయితే, అలాంటి ట్రయల్స్‌ని నమోదు చేసే సీటీఆర్ఐ రిజిస్ట్రీని ఆన్‌లైన్‌లో తెరవాలి. నొప్పి ఎంత తగ్గిందో ప్రధానంగా కొలుస్తామని అక్కడ నమోదు చేసి, పేపర్లో మాత్రం ఎన్ని రోజులకు డిశ్చార్జి అయ్యారో గొప్పగా చెబితే, అది నిలదీయాల్సిన విషయం. రిపోర్టులో ముందు స్టడీ సారాంశం, తర్వాత పెద్ద లోపాలు, చివర్లో చిన్నవి రాయాలి. పేపర్‌ని తీసుకోవాలో వద్దో ఎడిటర్‌కే విడిగా చెప్పాలి. స్టాటిస్టిక్స్ అర్థంకాకపోతే ఆ మాటా ఆయనకే రాయాలి.

ఇక మీకో మాట. మెయిల్ అమ్మాయికొస్తే నాకు రాసింది మీరు. పక్కింటి పిల్లల పేపర్లు లెక్కపెట్టి తనకు వినిపించడం ఆపండి. తన భయంలో సగం మీదే. తను వెనకబడలేదు. సొంతంగా చేసిన ఒక్క చిన్న స్టడీ ఉన్నా దాని గురించి ధైర్యంగా మాట్లాడగలదు. ఆ మెయిల్‌ని ఈ వారమే కమ్యూనిటీ మెడిసిన్ ప్రొఫెసర్‌కి చూపించమనండి. ఆయన వద్దంటే, ‘ఇప్పుడు చేయలేను’ అని మర్యాదగా రాసేస్తే సరిపోతుంది.