భయపెట్టిన సంఘటన గురించి పిల్లలతో మాట్లాడాలా, మరిచిపోనివ్వాలా?

మాట్లాడాలి, కానీ బలవంతంగా చెప్పించకూడదు. వాళ్లు ఆ సంగతి కదిపినప్పుడు విని, నిజాన్ని వాళ్ల వయసుకు తగ్గ మాటల్లో చెప్పాలి. పెద్దలు మౌనంగా ఉంటే ఆ ఖాళీని పిల్లల ఊహ నింపుతుంది, అది తరచూ నిజం కన్నా భయంకరంగా ఉంటుంది. తప్పు తమదేనని అనుకునే పసివాళ్లూ ఉంటారు.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు వరద విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచింది. అలాంటి నీళ్లను చూసిన ఆరేళ్ల పిల్ల తర్వాత చినుకు పడితే చాలు అమ్మ కొంగు వదలకపోవచ్చు, ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలుపెట్టవచ్చు, బకెట్లో బొమ్మలను ముంచి తీస్తూ అదే ఆట ఆడవచ్చు. అది మొండితనం కాదు, తిట్టకూడదు. "ఏమీ కాదులే" అనడం కన్నా "ఆ రోజు భయం వేసింది కదా, ఇది మామూలు వాన, నేను పక్కనే ఉన్నాను" అనడం పనిచేస్తుంది. భోజనం, నిద్ర, బడి పాత వేళలకే జరగడం మాటల కన్నా ఎక్కువ ధైర్యమిస్తుంది.

"చిన్నపిల్లలు, వాళ్లకేం గుర్తుంటుంది" అన్నది పొరపాటు. మాటల్లో చెప్పలేకపోయినా భయం ప్రవర్తనలో బయటపడుతుంది. చుట్టాలు వచ్చినప్పుడల్లా కథలా చెప్పించడం మరీ చెరుపు. నెల దాటినా తగ్గకపోతే పిల్లల మానసిక వైద్యులకు చూపించాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి మానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు.