ఆ ‘అయినప్పటికీ’ తీసెయ్

బాబూ,

హార్వీ మిల్క్ అనే అమెరికా నాయకుడి మీద నీ వ్యాసం వాట్సాప్‌లో పంపావు. నా ఫోన్‌లో అక్షరాలు చీమల్లా కనిపిస్తుంటే మనవరాలు పెద్దవి చేసి పెట్టింది. రెండు పేజీలు హాయిగా చదివాను. మూడో పేజీలో “స్వలింగ సంపర్కుడు అయినప్పటికీ హార్వీ మిల్క్ ప్రజల మనసు గెలుచుకున్నాడు” అని రాశావు చూడు, అక్కడ ఫోన్ బల్ల మీద పడేసి టీ పెట్టుకోవడానికి వెళ్ళిపోయాను. టీ తాగాక కూడా కోపం తగ్గలేదు. అందుకే ఈ ఉత్తరం.

నీ భాష బాగుంది. ఆ మాట ఒక్కసారే చెప్తాను, మళ్ళీ అడక్కు.

ఏమిటా ‘అయినప్పటికీ’? మా చిన్నప్పుడు పంతుళ్ళు “ఫలానా పేట పిల్లాడైనప్పటికీ లెక్కలు బాగా చేస్తాడు” అనేవారు. మెచ్చుకుంటున్నామనే అనుకునేవారు పాపం. వెనక బెంచీలో కూర్చున్న ఆ పిల్లాడి మొహం నాకింకా గుర్తే. ఒక్క మాటతో మనిషిని మెట్టు కిందికి దించి, ఆ తర్వాత చెయ్యిచ్చి పైకి లాగినట్టు నటించడం అది. మిల్క్ గే అయినప్పటికీ గెలవలేదయ్యా. శాన్ ఫ్రాన్సిస్కోలో కాస్ట్రో వీధిలో గే మనుషులు వేలమంది ఇళ్ళు తీసుకుని, కొట్లు పెట్టుకుని, ఓటర్ల జాబితాలో పేర్లు ఎక్కించుకుని ఉంటే, వాళ్ళలో ఒకడిగా, వాళ్ళ ఓట్లతో గెలిచాడు. మిగతా వీధుల వాళ్ళు కూడా వేశారు, ఎందుకు వేశారో నువ్వు రాయనే లేదు.

ఇంకొకటి. “సూపర్‌వైజర్‌గా ఎన్నికయ్యాడు” అని రాశావు. మన పాఠకుడికి సూపర్‌వైజర్ అంటే కాలువ పని దగ్గర గొడుగేసుకుని నిలబడి కూలీల మీద అరిచేవాడు. శాన్ ఫ్రాన్సిస్కోలో నగరమూ జిల్లా ఒకటే కాబట్టి కౌన్సిలర్‌ని ఆ పేరుతో పిలుస్తారు. నువ్వు కౌన్సిలర్ అని రాయి, మా ఇంటి ఎదుటి కిళ్ళీకొట్టు అప్పారావుకి కూడా తెలుస్తుంది.

“అమెరికాలోనే మొట్టమొదటివాడు” అన్నావు, అదీ తప్పే. 1974లోనే ఆన్ ఆర్బర్ అనే ఊళ్ళో కేథీ కొజాచెంకో అనే అమ్మాయి, చదువుకుంటున్న పిల్ల, తాను లెస్బియన్ అని దాచుకోకుండా నిలబడి సిటీ కౌన్సిల్‌కి గెలిచింది. అలా బాహాటంగా చెప్పుకుని కాలిఫోర్నియాలో గెలిచిన మొదటివాడు మిల్క్. ‘మొట్టమొదటి’ అన్న మాట చేతికొచ్చినప్పుడల్లా పెన్ను పక్కన పెట్టి ఒకసారి వెతుక్కో. నేను వెతుక్కోక ఒకసారి అచ్చులో పరువు పోగొట్టుకున్నాను, ఆ గొడవ ఇప్పుడెందుకులే.

సరే, అసలు కోపానికి వస్తాను. నీ వ్యాసం ఆరు పేజీలు. అందులో నాలుగు పేజీలు తుపాకీ! డాన్ వైట్ కిటికీలోంచి సిటీ హాల్లోకి దూరడం, గదులు, గుళ్ళు, రక్తం. 1978 నవంబరు 27న, రాజీనామా చేసిన కౌన్సిలర్ డాన్ వైట్ మేయర్ మాస్కోనీనీ మిల్క్‌నీ కాల్చి చంపాడు. వాక్యం అయిపోయింది కదా? నలభై ఎనిమిదేళ్ళు బతికినవాడి గురించి రాస్తూ ఒక్క ఉదయానికి నాలుగు పేజీలిస్తే, మిగతా ఏళ్ళన్నీ ఆ ఉదయం కోసమే బతికాడనుకోవాలా?

అతను ఎన్నిసార్లు ఓడిపోయాడో ఒక్క ముక్కలో తేల్చేశావు. నేనైతే రెండు పేజీలు అక్కడే కూర్చుంటాను. నేవీలో చేశాడు, బడిలో పాఠాలు చెప్పాడు, వాల్ స్ట్రీట్‌లో ఉద్యోగం చేశాడు, అన్నీ వదిలేసి నలభై దాటాక కాస్ట్రో వీధిలో కెమెరాల కొట్టు పెట్టాడు. కొట్టు తెరిచిన కొత్తలో అమ్మకం పన్ను డిపాజిట్ వంద డాలర్లు కట్టమని గవర్నమెంటు మనిషి వస్తే పెద్ద రభస చేశాడు. బడిలో ప్రొజెక్టర్ పనిచెయ్యడం లేదని ఒక టీచరు వచ్చి అరువడిగింది. ఎన్నికల్లో నిలబడాలనిపించింది ఇలాంటి చికాకుల వల్ల. సిద్ధాంతం తర్వాత వచ్చింది, ముందు వంద డాలర్లు వచ్చాయి! 1973లో జుట్టు వెనక్కి ముడేసుకుని కౌన్సిలర్‌గా నిలబడ్డాడు, ముప్ఫై రెండు మందిలో పదో స్థానం. 1975లో జుట్టు కత్తిరించుకుని కోటు వేసుకుని నిలబడ్డాడు, ఆరు సీట్లకి ఏడోవాడుగా వచ్చాడు. 1976లో రాష్ట్ర అసెంబ్లీకి వెళ్తే నాలుగు వేల లోపు ఓట్లతో పోయింది. ఏడో స్థానంలో వచ్చినవాడు ఆ రాత్రి ఇంటికెళ్ళి ఏం తిన్నాడో నాకు తెలుసుకోవాలనుంది. గుళ్ళు ఎన్ని తగిలాయో అక్కర్లేదు.

మరి 1977లో ఎలా గెలిచాడు? నువ్వేమో “ప్రజల్లో చైతన్యం వచ్చింది” అన్నావు. చైతన్యం కాదు నాయనా, వార్డులొచ్చాయి. అంతకుముందు కౌన్సిలర్లందరినీ ఊరంతా కలిసి ఎన్నుకునేవారు. మన విజయనగరమే అనుకో, దాసన్నపేటలో మంచి పేరున్నవాడు గెలవాలంటే కంటోన్మెంటులో, పూల్‌బాగ్‌లో, గాజులరేగలో కూడా ఓట్లు రావాలి. ఊరంతా తిరగాలంటే డబ్బుండాలి, డబ్బున్నవాడిదే రాజ్యం. 1977లో ఏ పేట వాళ్ళు ఆ పేట మనిషిని ఎన్నుకునే పద్ధతి వచ్చింది, ఐదో వార్డులో పదహారు మందిని దాటి మిల్క్ గెలిచాడు. చైనా మూలాలున్న గోర్డన్ లావ్, నల్లజాతి మహిళ ఎల్లా హిల్ హచ్ గెలిచింది కూడా ఆ ఎన్నికల్లోనే. గీతలు మారితే మొహాలు మారతాయి. ఈ వార్డుల సంగతి రాయకపోతే నీ వ్యాసం దేవుడి మహిమల పుస్తకంలా ఉంటుంది.

కుక్కల సంగతి అసలెందుకు వదిలేశావు? కౌన్సిలర్‌గా పదకొండు నెలలు కూడా నిండలేదు. ఆ కొద్దికాలంలోనే ఉద్యోగాల్లో, అద్దె ఇళ్ళ విషయంలో గేల మీద వివక్ష కూడదని చట్టం తెచ్చాడు, ఒక్క డాన్ వైట్ తప్ప అందరూ ఓటేశారు. గే టీచర్లని ఉద్యోగాల్లోంచి తీసెయ్యాలంటూ రాష్ట్ర ఓటర్ల ముందు పెట్టిన ఆరో ప్రతిపాదన మీద రాష్ట్రమంతా తిరిగి నవంబరు 7న ఓడించాడు. అవి నువ్వు రాశావు, సరే. కానీ ఊరందరికీ అతను బాగా గుర్తుండిపోయింది కుక్క పెంట చట్టంతో. కుక్కని పెంచుకున్నవాడే దాని పెంట ఎత్తాలి. విలేకర్లని పార్కుకి పిలిచి, కెమెరాల ముందు తానే అందులో కాలేశాడు. గే అన్న మాట వింటే మొహం తిప్పుకునే ముసలమ్మకి కూడా చెప్పుకి పెంట అంటుకుంటుంది కదా, ఆవిడ ఓటు అక్కడుంది. నువ్వు పాతికేళ్ళవాడివి, నీకు పెంట రాయడానికి సిగ్గు, రక్తం రాయడానికి సిగ్గు లేదు.

ఇంత కోపం ఎందుకంటే నేనూ అదే చేశాను కాబట్టి. 1980ల్లో నాకో స్నేహితుడు ఉండేవాడు, ఇప్పటికీ ఉన్నాడు, జూట్ మిల్లులో పని. ఒక రాత్రి స్టేషన్లో లేటైన ప్యాసింజర్ కోసం కూర్చున్నప్పుడు తన సంగతంతా చెప్పాడు. వాడి మీద కథ రాశాను. నా మొదటి ముగింపులో సిరిమాను జాతరలో వాడూ వాడి మనిషీ జనంలో ఒకళ్ళ భుజం ఒకళ్ళకి తగులుతూ నిలబడి వేరుశనక్కాయలు తింటుంటారు, అంతే. వారపత్రిక ఎడిటర్ వెనక్కి పంపాడు, “ముగింపులో బలం లేదు” అని ఎర్ర సిరాతో. ఆయనకి బలమంటే శవం. అచ్చులో పేరు చూసుకోవాలన్న యావలో వాణ్ణి రైలు కింద పడేశాను. కథ వచ్చింది, మంచి ఉత్తరాలొచ్చాయి, ఒక బహుమతి కూడా. వాడు పత్రిక పట్టుకుని మా ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడి అడిగాడు, “ఏటిరా, బతికున్నోణ్ణి చంపీసినావు?”

నా దగ్గర సమాధానం లేదు. ఆ ఎడిటర్ పోయాడు, ఇప్పుడు కొత్తవాళ్ళొచ్చారు, వీళ్ళకి శవంతో పాటు కింద ఒక నినాదం కూడా కావాలి. 2018 సెప్టెంబరు 6న, ఇష్టపడి కలిసిన పెద్దవాళ్ళది నేరం కాదని సుప్రీంకోర్టు చెప్పిన సాయంత్రం వాడు ఫోన్ చేశాడు. “ఇప్పుడైనా బతికిస్తావేటి నన్ను?” అని నవ్వాడు. ఇంకా రాయలేదు.

కలం పేరు గురించి, ఏ పత్రికకి పంపాలనే దాని గురించి ఏదో అడిగావు. అవి తర్వాత.

వచ్చే ఆదివారం శ్రీకాకుళం కథానిలయానికి వస్తున్నాను, పాత సంచికలు చూడాలి. పార్కులో కుక్క పేజీ రాసుకుని అక్కడికి రా. ప్రింటు తీసి తీసుకురా, ఫోన్‌లో చూపిస్తే చదవను.

మీ మాస్టారు
విజయనగరం