హుక్కు లేని గదిలో ఫ్యాను

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

సామాన్ల గదిని పాప చదువుకునే గదిగా మారుస్తున్నావనీ, అందులో సీలింగ్ ఫ్యాను నీవే బిగించాలని చూస్తున్నావనీ అక్కయ్య ఫోనులో చెప్పింది. ఆ గదికి శ్లాబు పోసిన రోజున, హుక్కుతో కూడిన ఫ్యాన్ బాక్సును అందులో పెట్టిస్తానంటే, సామాన్లకు గాలెందుకని బావే వద్దన్నాడు. కనుక నీవు ముందుగా ఆలోచించవలసినది కరెంటు గురించి కాదు, హుక్కు గురించి.

ఫ్యాను బరువు 4, 5 కిలోలే అయినా తిరుగుతున్నంతసేపూ హుక్కును అదురుపెడుతూనే ఉంటుంది కాబట్టి, గోడకు ఫోటోలు తగిలించే ప్లాస్టిక్ రావల్ ప్లగ్గులు దానికి ఎంతమాత్రం పనికిరావు. 10 లేదా 12 మిల్లీమీటర్ల ఇనుప యాంకర్ ఫాస్టనర్ హుక్కు కొను. శ్లాబుకు డ్రిల్లుతో రంధ్రం వేసేటప్పుడు చప్పుడు మారి, బిట్టు లోపలికి దిగకుండా ఉన్నచోటనే తిరుగుతుంటే శ్లాబులోని ఇనుప ఊచ తగిలిందని అర్థం; బలవంతం చేయక రెండు మూడు అంగుళాలు పక్కకు జరుగు. రంధ్రంలోని పొడిని పూర్తిగా ఊదివేసిన తరువాతనే ఫాస్టనర్ దిగగొట్టాలి, ఎందుకంటే నట్టు బిగించినప్పుడు దాని గొట్టం విచ్చుకుని కాంక్రీటును పట్టుకోవాలే తప్ప పొడిని కాదు. నేనైతే ఆ హుక్కుకు 25 కిలోల బియ్యం బస్తా కట్టి రాత్రంతా వేలాడదీసి, తెల్లవారి చూసి, అది వెంట్రుకవాసి కూడా జారలేదని తేలితేనే ఫ్యాను ఎత్తుతాను. రెక్కలు నేలకు కనీసం 8 అడుగుల ఎత్తున ఉండేలా రాడ్డు పొడవు చూసుకో.

ఇక వైరింగు. మామూలు ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటుంది, అంటే ఆంపియరులో దాదాపు మూడోవంతు. ట్యూబులైటు లైను దానిని సులభంగా మోస్తుంది. గీజరు లైను జోలికి మాత్రం పోవద్దు. శ్లాబును చెక్కి గాడి కొడితే ఊచలు బయటపడి తుప్పు పడతాయి కాబట్టి, చూపుకు కొంచెం వెలితిగా ఉన్నా, పైపైన బిగించి లోపల వైర్లు దాచే కేసింగు పట్టీయే మేలు. బోర్డు నుండి హుక్కు వరకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైర్లు మూడు, మధ్యలో అతుకు లేకుండా లాగు: ఎరుపు కరెంటును తెచ్చే ఫేజుకు, నలుపు దానిని తిరిగి తీసుకెళ్లే న్యూట్రలుకు, ఆకుపచ్చ షాకు నుండి కాపాడే ఎర్తుకు. ఫేజు స్విచ్చులోకి, అక్కడి నుండి రెగ్యులేటరులోకి, ఆపైన ఫ్యానులోకి వెళ్లాలి. తక్కువ కరెంటుతో, రిమోటుతో నడిచే బీఎల్‌డీసీ రకం ఫ్యాను కొంటే రెగ్యులేటరు పెట్టకూడదు, స్విచ్చు చాలు.

స్విచ్చు ఆపానన్న ధైర్యంతో నిచ్చెన ఎక్కవద్దని మరీ మరీ చెబుతున్నాను. పని నేర్చుకునే రోజుల్లో ఒక ఇంట్లో నేను అలాగే ఎక్కాను. అంతకుముందెవరో స్విచ్చును ఫేజుకు బదులు న్యూట్రలుకు వేసి ఉండడంతో, ఆగి ఉన్న ఫ్యాను వైరులోనే కరెంటు ఉంది. నిచ్చెన పట్టుకున్నవాడు లేకపోతే నడుము విరిగేది. నా మోచేతి మీది మచ్చ గురించి నీవు చిన్నప్పుడు అడిగేవాడివి, అది అప్పటిదే. మెయిన్ ఆపే ముందు టెస్టరు పనిచేస్తున్నదో లేదో కరెంటున్న ప్లగ్గులో చూసుకో, ఆపైన మెయిన్ ఆపి, నీవు ముట్టుకోబోయే ప్రతి వైరుకూ దానిని పెట్టు. బోర్డులో వైర్లు కలిపే పని మాత్రం లైసెన్సున్న ఎలక్ట్రీషియనుకే వదిలిపెట్టు. ఈ విషయంలో నాతో వాదించకు.

ఫ్యాను తగిలించాక రాడ్డు బోల్టుకు, అది జారిపోకుండా ఆపే స్ప్లిట్ పిన్ను దూర్చి, దాని రెండు కొసలనూ పట్టకారుతో చెరోవైపు బాగా వంచు. చాలామంది దూర్చి వదిలేస్తారు. మొదట తక్కువ వేగంలో పది నిమిషాలు తిప్పి, ఊగితే రెక్కల స్క్రూలు చూడు. నెల తరువాత మళ్లీ మెయిన్ ఆపి, పైకెక్కి ఆ బోల్టునూ పిన్నునూ ఒకసారి పరీక్షించి నాకు ఫోను చెయ్యి.

ఇట్లు,
మామయ్య