సేవాసంఘం, జీడిపప్పు వ్యాపారం: పాఠకుల సందేహాలు

ప్రశ్న: మా సంఘం ఉద్దానం కిడ్నీ రోగులను డయాలసిస్‌కు తీసుకెళ్లి మళ్లీ ఇంటి దగ్గర దింపుతుంది. సభ్యత్వ రుసుములు డీజిల్‌కే చాలడం లేదు. లండన్‌లో ఉన్న మా సభ్యుడొకరు, "ఇక్కడి ఛారిటీలు వేరుగా ట్రేడింగ్ కంపెనీ పెట్టి, లాభమంతా ఛారిటీకే ఇచ్చేసి పన్ను లేకుండా చేసుకుంటాయి. మనమూ సంఘం పేరున జీడిపప్పు కంపెనీ పెడదాం" అంటున్నారు. కుదురుతుందా?
– కార్యదర్శి, పలాస

జవాబు: ఆయన చెప్పింది నిజమే, కానీ అక్కడి సంగతి. బ్రిటన్‌లో అలాంటి కంపెనీ లాభాన్ని, లెక్కల సంవత్సరం ముగిసిన 9 నెలల్లోగా మాతృసంస్థకు విరాళంగా ఇచ్చేస్తే ఆ మొత్తం మీద పన్ను పడదు. మన దగ్గర రెండు చిక్కులున్నాయి.

మొదటిది: ఆదాయపు పన్ను మినహాయింపు ఉన్న సంఘం తన డబ్బును ప్రైవేటు కంపెనీ వాటాల్లో పెట్టకూడదు. పెడితే మినహాయింపుకే ఎసరు. కంపెనీ పెట్టి తీరాలంటే వాటాలు సభ్యుల సొంత పేర్ల మీద, వాళ్ల సొంత డబ్బుతో ఉండాలి.

రెండోది అసలు చిక్కు. కంపెనీకి లక్ష లాభం వచ్చిందనుకోండి. విరాళం ఎంత ఇచ్చినా, విరాళాలకు దొరికే, అందరూ 80జి అని పిలిచే పన్ను మినహాయింపులో లెక్కకొచ్చేది ఆదాయంలో 10 శాతమే, అంటే 10,000. అందులోనూ సగమే, 5,000 తగ్గుతుంది. మిగతా 95,000 మీద 25 శాతం పన్ను, ఆ పన్ను మీద 4 శాతం సెస్సు కలిపి 24,700. సంఘానికి చేరేది 75,300. మినహాయింపులు వదులుకుని తక్కువ రేటు ఎంచుకునే 22 శాతం పద్ధతిలోకి వెళ్తే 80జి ఊసే ఉండదు. సర్‌చార్జి, సెస్సుతో 25,168 కట్టాలి. అంటే 80జి వల్ల మిగిలింది 468 రూపాయలు! దీనికోసం కంపెనీ, ఆడిటు, ఏటా రిటర్నులు... దండగ.

మా సలహా: ముందు సంఘమే తన పేరున జీడిపప్పు అమ్మాలి. ఆ వ్యాపారం సంఘం ఆశయాలకు తోడుగా ఉండాలి, దాని లెక్కల పుస్తకాలు విడిగా ఉండాలి. ఈ రెండో షరతు దగ్గరే ఎక్కువమంది దొరికిపోతారు. పండగ రోజు స్టాలులో హుండీ డబ్బు, పప్పు అమ్మిన డబ్బు ఒకే డబ్బాలో పడతాయి. సాయంత్రానికి ఏది ఏదో ఎవరికీ తెలియదు. బ్యాంకు ఖాతా, రసీదు పుస్తకం, స్టాకు రిజిస్టరు మూడూ వేరుగా ఉండాలి. రోగుల సేవ గనక, కొన్ని సంఘాల వ్యాపార రాబడికి ఉండే 20 శాతం పరిమితి మీకు లేదు. నియమావళిలో వ్యాపారం మాట లేకపోతే సర్వసభ్య సమావేశంలో తీర్మానించి చేర్చుకోండి. దానివల్ల ఆశయాలే మారి, పాత రిజిస్ట్రేషన్ షరతులకు సరిపడకపోతే 30 రోజుల్లో ఆదాయపు పన్ను శాఖకు మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి.

ప్రశ్న: ఆ 20 శాతం పరిమితి ఎవరికి? మాది క్రీడాభివృద్ధి సంఘం, టీషర్టులు అమ్ముతాం.
– విజయనగరం

జవాబు: మీలాంటి వారికే. పేదల సాయం, చదువు, వైద్యం వంటివి కాక 'సాధారణ ప్రజాప్రయోజనం' కింద నమోదైన సంఘాలకు, వ్యాపార రాబడి ఆ ఏటి మొత్తం రాబడిలో 20 శాతం దాటకూడదు. చూసేది లాభం కాదు, రాబడి. 10 లక్షల రాబడిలో టీషర్టుల అమ్మకం 2 లక్షలు దాటితే, మీకు మిగిలింది పదివేలే అయినా ఆ ఏడాది మినహాయింపు పోతుంది. మార్చిలో చూసుకుంటే లాభం లేదు, డిసెంబరులోనే లెక్క వేసుకోండి.

ప్రశ్న: సభ్యుల కంపెనీకి సంఘం నిధి నుంచి చేబదులు ఇవ్వొచ్చా?
– టెక్కలి

జవాబు: వద్దు. వాటాదారులు మీ కార్యవర్గం వాళ్లే అయితే, తగిన వడ్డీ, తగిన హామీ లేకుండా ఇచ్చిన అప్పు సంఘం మినహాయింపును ముంచుతుంది. సంఘం గది వాడుకున్నా ఊళ్లో నడిచే అద్దె కట్టాల్సిందే.

ప్రశ్న: డబ్ల్యూ 320 రకమని ఇచ్చిన డబ్బాలో చిన్న పప్పు కలుస్తోంది. ఎలా పట్టుకోవాలి?
– కాశీబుగ్గ

జవాబు: 320 అంటే పౌనుకు (సుమారు 454 గ్రాములకు) 300 నుంచి 320 గుండు పప్పులు. కాటా మీద 100 గ్రాములు పెట్టి లెక్కపెట్టండి, 66 నుంచి 71 లోపు రావాలి. 75 దాటితే చిన్న రకం కలిసినట్టే. 240 రకమైతే 48 నుంచి 53. డబ్బా పైన పెద్దవే ఉంటాయి కాబట్టి అడుగు నుంచీ తీసి చూడండి. విరిస్తే పుటుక్కుమనాలి, వంగితే తేమ ఉన్నట్టు. తేమ 5 శాతం దాటిన పప్పు ప్యాకెట్లో మెత్తబడి ముక్కవాసన వస్తుంది, తిరిగొచ్చే సరుకంతా అదే.

ప్రశ్న: జీడిపప్పు అమ్మితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఎప్పుడు కావాలి?
– ఇచ్ఛాపురం

జవాబు: సరుకు అమ్మేవారికి మన రాష్ట్రంలో ఏడాదికి 40 లక్షల టర్నోవరు దాకా అక్కర్లేదు. కానీ మీకు బరంపురం పక్కనే. అక్కడి కొట్టుకు ఒక్క డబ్బా అమ్మినా అది ఒడిశా, టర్నోవరుతో పని లేకుండా ముందే రిజిస్టరు కావాలి. అయ్యాక రైతు దగ్గర జీడిపిక్కలు (పెంకు తీయని గింజలు) కొంటే, ఆ కొనుగోలు మీద పన్ను కట్టాల్సింది రైతు కాదు, మీరే.